చిలకల బొంత

మా ఇంట్లో పారేసే గుడ్డంటూ ఉండదు. గొప్పకు చెప్పడం లేదు. మా వీధిలో ఎవరినడిగినా ఇదే చెబుతారు, కాకపోతే చెప్పేటప్పుడు కొంచెం నవ్వుతారు. ముప్పై ఏళ్లుగా బందరులో బొంతలు కుడుతున్నాను. పెడనలో కలంకారీ అద్దకం వాళ్ల దగ్గర అచ్చు పక్కకు జరిగినవి, రంగు సరిగ్గా ఎక్కనివి చవగ్గా తెచ్చుకుంటాను. పైన కలంకారీ, మధ్యలో పాత నూలు చీర, కింద తెల్లగుడ్డ. మూడూ కలిపి దగ్గర దగ్గరగా కుట్టు వేస్తే బొంత. అసలు సంసారం ఆ తర్వాత మిగిలిన ముక్కలతో మొదలవుతుంది.

జానెడు ముక్క మిగిలితే దిండు గలీబుకు అతుకు. అరచేయంత ఉంటే నాలుగు మడతలేసి కుట్టి, పొయ్యి మీద గిన్నె దించే మసిగుడ్డ. బెత్తెడు పేలికలైతే జడలా అల్లి, గుండ్రంగా చుట్టి, నెత్తి మీద గంప కింద పెట్టుకునే చుట్టకుదురు. అంతకన్నా సన్నవి బీరపాదు తీగలు పందిరికి కట్టడానికి. దేనికీ రాని నలుసులు, దారప్పోగులు దిండులోకి. ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అంటారు. గుడ్డ సంగతీ అంతే. మా అబ్బాయి దుర్గాశ్రీనివాస్ బడికి మోసిన సంచి పదకొండు రంగుల ముక్కలది. మొదటిరోజు వాడు ఏడ్చాడు. ఏడ్చినా ఐదేళ్లు మోశాడు.

నేను కత్తెర పెట్టని గుడ్డ ఒక్కటే ఉండేది, మా అమ్మ కట్టిన నేత చీర. ఉతికి ఉతికి వెన్నలా అయింది. ఎవరినీ ముట్టుకోనిచ్చేదాన్ని కాదు.

మా కోడలు నాగదుర్గది కోడూరు. మాట తక్కువ, చెయ్యి చురుకు. పోయినేడాది కడుపుతో ఉన్నప్పుడు నాతోపాటు పెడన వచ్చింది. అద్దకం నాగేశ్వరరావు గారి షెడ్డులో ఆరేసిన గుడ్డల మధ్య తిరిగి తిరిగి ఒకదాని దగ్గర ఆగింది. నీలం నేల మీద ఎర్ర చిలకలు. ఒక్క తప్పచ్చు కూడా లేని మేలురకం.

"అటుపక్క సెకండ్సు ఉన్నాయి, వాటిల్లో చూడరాదుటే" అన్నాను.

"పాపకి అత్తయ్యా" అంది.

జన్మలో మొదటిసారి బేరమాడకుండా గుడ్డ కొన్నాను.

పుట్టబోయే బిడ్డకు ముందుగా పక్క సిద్ధం చెయ్యకూడదంటారు మా వైపు. పుట్టాక పాతగుడ్డల్లో పొత్తిళ్లు, పురుడు వెళ్లాకే కొత్తవి. పక్కింటి ఆమినా బీ నాతో సమానంగా బొంతలు కుట్టే మనిషి, వయసులోనూ నా ఈడుదే. "తొందరేంటి సువర్ణా, ముందు పుట్టనీ" అంది. "పుట్టాక కుట్టే తీరికెవరికుంటుంది" అని కొట్టిపారేశాను. అత్తాకోడళ్లం చెరోవైపు కూర్చుని కుట్టాం. అంచు మొత్తం దుర్గే వేసింది. నా కుట్టుకన్నా సన్నంగా పడింది. చెప్పొద్దూ, నాకు కాస్త కుళ్లు పుట్టింది.

శ్రావణంలో, నెలలు నిండాక, బిడ్డ కడుపులోనే పోయింది. ఆడపిల్ల.

దుర్గను వాళ్లమ్మ కోడూరు తీసుకెళ్లింది. మా వాడు ఐస్ ఫ్యాక్టరీలో పనికి పొద్దున వెళ్తే దీపాలవేళకు గానీ రాడు. పగలంతా ఇంట్లో నేనూ ఆ బొంతా. బీరువా తెరిస్తే ఎదురుగా చిలకలు. మూస్తే తలుపు వెనకాల ఉన్నాయని తెలుస్తూనే ఉంటుంది. అలాంటిదాన్ని ఇంకో చూలాలికి ఇవ్వకూడదు. కాల్చడానికి చేతులు రావు. పారెయ్యడం నాకు పుట్టుకతోనే రాదు. దుర్గ తిరిగొచ్చేసరికి ఆ బొంత దాని కళ్లబడకూడదు, నా ఆలోచనంతా అదే. దుఃఖం వస్తే కొందరు గుళ్లకు తిరుగుతారు, కొందరు మంచం పడతారు. నేను కత్తెర తీశాను.

నాలుగు ముక్కలు చేసి, కోసిన అంచులు మడిచి కుట్టాను. ఒకటి చుట్టకుదురుగా చుట్టి, చేపలమ్మే దేవమ్మకిచ్చాను. ఒకటి ఆమినా బీ కొడుకు మాబు ఆటోలో చిరిగిన సీటు మీద వేశాను. ఒకటి గుడివాడలో ఉన్న మా అక్క సరోజినికి, గ్రైండర్ కింద పరుచుకోమని పంపాను. నాలుగోది మా వంటింట్లోనే మసిగుడ్డగా ఉంచేశాను. దాచాలనుకున్నదాన్ని నట్టింట్లో ఎందుకు పెట్టుకున్నావని అడుగుతారేమో. వంటింటికి మసిగుడ్డ కావలసి వచ్చింది, చేతిలో ముక్క ఉంది. అలవాటు అలాంటిది.

కార్తీకంలో దుర్గ వచ్చింది. వచ్చిన పూటే, నేను వద్దంటున్నా వినకుండా అన్నం వార్చబోయింది. గిన్నె దించిన చప్పుడైంది, ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. వెళ్లి చూస్తే మసిగుడ్డను రెండు చేతుల్లో పట్టుకుని నిలబడి ఉంది.

"అత్తయ్యా, ఇది చిలకల గుడ్డ కదా?"

అప్పుడైనా నోరు మూసుకోవాల్సింది. "పారేస్తే ఏమొస్తుందమ్మా, పనికొస్తుందనీ..." అన్నాను.

పనికొస్తుందని! ఆ మాట అన్నందుకు తర్వాత ఎన్నిసార్లు నాలుక కొరుక్కున్నానో. దుర్గ ఏడవలేదు, అరవలేదు. గుడ్డను మడిచి తన సంచిలో పెట్టుకుంది. సాయంత్రం బస్సుకు కోడూరు వెళ్లిపోయింది.

మా వాడు ఆదివారం ఆదివారం వెళ్లి భార్యను చూసి వస్తున్నాడు. నేను ఫోన్ చేస్తే వియ్యపురాలు ఎత్తి "పడుకుందండీ" అంటుంది. ఎప్పుడు చేసినా పడుకునే ఉంటుంది. మాఘమాసం వచ్చింది. ఒక ఆదివారం వాడు కోడూరు నుంచి వచ్చి, చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇంటికి రమ్మని గట్టిగా అడిగానమ్మా. 'మా అత్తయ్యని నా బొంత నాకిమ్మనండి, వస్తాను' అంది."

"నాలుగు ముక్కలైన బొంత ఎక్కణ్ణుంచి తెచ్చివ్వనురా?"

"నాకేం తెలుసు? మీ ఇద్దరి మధ్యా ఇంక నన్ను పెట్టమాకు."

వాడు కాళ్లు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు. తీరే కోరిక కాదని తెలిసే అడిగిందా పిల్ల. ఇంకెవరైనా అయితే ఇంతటితో సరి, ఆ కోడలు రాదు అనుకునేవాళ్లు. నేను కుట్టుపని మనిషిని. నాలుగు ముక్కల్లో ఒకటి దాని దగ్గరే ఉంది, తేవలసినవి మూడే అనుకున్నాను. ఇచ్చినదాన్ని వెనక్కి అడగడం ఎప్పుడూ చేసిన పని కాదు. అసలు ఇవ్వడమే తక్కువ, ఇక అడగడం ఎక్కడ! అందుకని ముక్కల మూట విప్పి, ఎవరి దగ్గర ఏది తీసుకోవాలో దానికి బదులు ఒకటి కుట్టుకున్నాను.

మొదట మాబు ఆటో. పేలికలన్నీ అతికి సీటు మొత్తానికి సరిపడా కుట్టిన తొడుగు చూసి వాడు నోరు తెరిచాడు.

"చిరిగింది ఒక మూలైతే సీటంతా కుట్టారేంటి పిన్నీ?"

సంగతి చెప్పాను. మాబు బ్లేడు తెచ్చి, ఒక్కో కుట్టూ విడదీసి, గుడ్డకు గాటు పడకుండా ముక్క తీసి ఇచ్చాడు. ఎండకు నీలం వెలిసి బూడిదరంగులోకి దిగింది. ఆమినా బీ గుమ్మంలో నిలబడి అంతా చూసింది.

"నేనప్పుడే చెప్పానని ఇప్పుడు అననులే" అంది.

"అన్నావుగా" అన్నాను.

"చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నావు. పోనీలే, పట్టుకోవడం మంచిదే" అని లోపలికి వెళ్లి, ఎర్ర దారం ఉండ తెచ్చి నా చేతిలో పెట్టింది. "మీ కోడలు అంచుకి వాడిన రంగు ఇదే. నీ దగ్గర అయిపోయుంటుంది" అంది. నిజంగానే అయిపోయింది.

మర్నాడు గిలకలదిండి నుంచి దేవమ్మ చేపల గంపతో వచ్చింది. ఆ కుదురు ఇచ్చెయ్యి, కొత్తవి రెండిస్తాను అంటే ఒప్పుకోలేదు.

"ఇది వదిలెయ్యండి అమ్మగారూ. మీరిచ్చిన వాటన్నిట్లోకీ ఇదే మెత్తగా ఉంటది. నెత్తి మీద గంప ఉన్నట్టే ఉండదు."

అది ఎవరి కోసం కుట్టిన గుడ్డో చెప్పక తప్పలేదు. దేవమ్మ గంప దించి అరుగు మీద కూలబడింది. తల మీది కుదురు తీసి ఒళ్లో పెట్టుకుని లెంపలేసుకుంది.

"చంటిదాని పక్క మీద ఇన్నాళ్లూ చేపలు మోయించారా నాతో? ముందే చెప్పొద్దా అమ్మగారూ? మీకేమన్నా బుద్ధుందా?"

చేపలమ్మే మనిషి చేత అంత మాట ఎప్పుడూ పడలేదు. ఆ రోజు పడ్డాను, పడాలి కూడా. వాసనతో ఇవ్వనని కుదురు తనతో పట్టుకెళ్లింది. కుంకుడుకాయలతో మూడుసార్లు ఉతికి, ఎండేసి, రెండు రోజుల తర్వాత కాగితంలో చుట్టి తెచ్చింది. నేనిచ్చిన కొత్త కుదుళ్లలో ఒకటే తీసుకుంది. "తల ఒకటే కదమ్మా, రెండెందుకు" అంది. నాకన్నా పొదుపు మనుషులు ఉన్నారన్నమాట.

గుడివాడకు రైల్లో వెళ్లాను. మా అక్క సరోజిని నన్ను చూసి, నా సంచీలోని అరడజను మసిగుడ్డలు చూసి, నడుం మీద చేతులు పెట్టుకుంది.

"గ్రైండర్ కింద గుడ్డ కోసం రైలెక్కి వచ్చావా? నీ పొదుపు ముదిరి పిచ్చిలోకి దిగిందే!"

గ్రైండర్ పైకెత్తి ఆ ముక్క లాగింది. రుబ్బిన పిండి చిలకల మీద కారి అట్టకట్టింది. దాన్ని తొట్టిలో నానబెట్టి, పక్కన పీట వేసుకుని జరిగిందంతా చెప్పాను. మా అక్క నోరు ఊరకుండేది కాదు. ఆ రోజు మాత్రం అడ్డు తగలకుండా విని, తనూ పీట లాక్కుని కూర్చుంది.

"చిన్నప్పట్నుంచీ అంతేనే నువ్వు" అంది చివరికి. "నాన్న పోయిన పదకొండో రోజుకే ఆయన పంచెలు చింపి దిండు గలీబులు కుట్టావు, గుర్తుందా?"

"బాగా కుట్టావని అమ్మ మెచ్చుకుంది కూడా."

"మెచ్చుకుంది. వాటి మీద తల పెట్టుకోలేక ఆరు నెలలు దిండు లేకుండా చాప మీద పడుకుంది. నీకు చెప్పొద్దంది. 'దానికి ఏడవడం రాదు, కుట్టడమే వచ్చు, చెబితే బాధపడుతుంది' అంది."

నా చెయ్యి తొట్టిలో గుడ్డ మీదే ఉండిపోయింది. నలభై ఏళ్ల నాటి మాట. మా అమ్మ మెచ్చుకోలును నేను ఎంతమందికి చెప్పుకున్నానో.

"అమ్మ చీర ఒక్కటే కొయ్యకుండా ఉంచానన్నావు. అదైనా ఉందా?" అని అడిగింది అక్క.

నేను తొట్టిలోంచి గుడ్డ తీసి పిండాను. తిరుగు రైల్లో పెడన దాటేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాను.

మూడు ముక్కలూ చేరాక కుట్టడానికి కూర్చున్నాను. ఒకటి ఎండకు వెలిసింది. ఒకటి తల రాపిడికి మెత్తబడింది. ఒకదాని మీద పిండి మరక పోలేదు. చిలకల రెక్కలు కలపబోతే కలవవు. కోసిన గుడ్డను మళ్లీ కలిపితే కుట్టు కిందకు అటొక వేలు, ఇటొక వేలు పోతుంది. ఎంత పనిమంతురాలు కుట్టినా అంతే, మునుపటి కొలతకు రాదు. కుట్టు నేర్చుకోవడానికి వచ్చే ఆడపిల్లలకు నేనే చెప్పే మాట ఇది.

శుక్రవారం పొద్దున అవనిగడ్డ బస్సెక్కి, అక్కడ మారి కోడూరులో దిగాను. దుర్గ వసారాలో కూర్చుని చాటతో మినుములు చెరుగుతోంది. చిక్కిపోయింది. వియ్యపురాలు మంచినీళ్లిచ్చి, మా ఇద్దరి మొహాలూ చూసి, పెరట్లోకి వెళ్లిపోయింది. నేను సంచీలోంచి బొంత తీసి చాప మీద పరిచాను. మూడు ముక్కలు కలిసి ఉన్నాయి, ఒక మూల ఖాళీ.

దుర్గ చాట పక్కన పెట్టింది. లేచి లోపలికెళ్లింది. ఇంక రాదేమో అనుకున్నాను. వచ్చింది. ఆ మసిగుడ్డ ఉతికి, మడత పెట్టి దాచుకుంది. తెచ్చి ఖాళీ మూలలో పెట్టింది. అది పట్టలేదు. మిగతావి కుట్టులో తగ్గాయి, అది మాత్రం పాత కొలతలోనే ఉంది. వేలెడు మేర పక్క ముక్క మీదకు ఎక్కింది. దుర్గ వంగి, బొంతను జానతో కొలిచింది.

"చిన్నదైపోయిందత్తయ్యా" అంది.

"కుట్టుకు పోయిందమ్మా."

దుర్గ బొంత మీంచి చెయ్యి తియ్యలేదు. తల కూడా ఎత్తలేదు. "పాప ఎంతుండేది?" అంది.

నేను బొంత ముడతలు సర్దాను.

"మీరు చూశారుగా. నాకెవరూ చూపించలేదు. ఎంతుండేదో కూడా తెలీదు నాకు."

తల్లికి చూపించొద్దన్నది నేనే. చూస్తే మరిచిపోలేదని, పెద్దదాన్ని కాబట్టి నాకే తెలుసని అన్నాను. చూడకపోయినా మరిచిపోలేదని అప్పుడు తెలిసింది నాకు. నా మోచెయ్యి చూపించాను.

"ఇక్కణ్ణుంచి వేళ్ల కొసలదాకా ఉంది. జుట్టు ఒత్తుగా ఉంది, నుదుటి మీదకు పడుతోంది. ముక్కు నీదే. కుడిచెవి కింద చిన్న మచ్చ, మీ ఆయనకున్నట్టే. వేళ్లు పొడుగమ్మా, మంచి కుట్టు కుట్టే వేళ్లు."

ఈ ఆరు నెలల్లో ఎవరూ నన్ను అడగలేదు. అడుగుతారని నేనూ అనుకోలేదు. చెబుతుంటే ఇంకా ఇంకా గుర్తొచ్చాయి. అన్నీ చెప్పాను. దుర్గ ఒక్కమాట పోనివ్వకుండా వింది.

"దేంట్లో చుట్టారు?" అంది.

కోడూరు వచ్చే దారంతా ఈ ప్రశ్నకే భయపడ్డాను.

"ఈ బొంతలో కాదు. మీ ఆయన అడిగాడు, ఇంటికెళ్లి తేనా అని. వద్దన్నాను. కొత్త బొంత మట్టిపాలు ఎందుకని ఒక్క క్షణం అనిపించిందమ్మా. నీ దగ్గర అబద్ధమాడను, అనిపించింది. నొప్పులు మొదలవగానే పొత్తిళ్లకని మా అమ్మ చీర ఆసుపత్రికి తెచ్చిపెట్టుకున్నాను. అది చింపి, దాంట్లో చుట్టి వాడి చేతుల్లో పెట్టాను."

దుర్గ తలెత్తింది. "మీ అమ్మగారి నేత చీరా? ఎవర్నీ ముట్టుకోనివ్వరుగా దాన్ని?"

"కొత్త గుడ్డ గరుకమ్మా. కలంకారీ నాలుగు ఉతుకులు పడితేగానీ మెత్తబడదు. పసిఒళ్లు ఒరుసుకుపోతుందనీ..."

అంటూ ఉండగానే ఆ మాట నా చెవిన పడింది. పోయిన పిల్లకు గరుకేమిటి, ఒరుసుకుపోవడమేమిటి! ఆ రోజు నేను చేసినదాంట్లో పిసినారితనం ఎంతో, ప్రేమ ఎంతో నాకే తెలియదు.  మా నాన్న పోయినప్పుడు ఏడవని దాన్ని, మా అమ్మ పోయినప్పుడు వంటలూ వడ్డనలూ చూసుకున్న దాన్ని, ఆ వసారాలో చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చాను. దుర్గ నా భుజం మీద తల పెట్టి తనూ ఏడ్చింది. పెరట్లో వియ్యపురాలు బావి గిలక ఊరికే తిప్పుతూ నిలబడింది, లోపలికి రాలేదు.

చాలాసేపటికి దుర్గ మొహం తుడుచుకుంది.

"సూది తెచ్చారా?"

తెచ్చాను. ఆమినా బీ ఇచ్చిన ఎర్ర దారమూ తెచ్చాను. దుర్గ తెచ్చిన ముక్కలో ఎక్కువైన మేర నేను కత్తిరించాను. చెరోవైపు కూర్చుని నాలుగోమూల కలిపాం. అంచు తనే వేసింది. ఇప్పటికీ నా కుట్టుకన్నా సన్నమే.

"దీన్ని ఎవరికీ ఇవ్వొద్దు" అంది కుడుతూనే.

"ఇవ్వను."

"దేనికీ వాడొద్దు. రేపు దేవుడు ఇంకో బిడ్డనిచ్చినా, దానికి కూడా వెయ్యొద్దు. ఇది పాపది."

"అలాగేనమ్మా."

దారం కొస కొరికి, బొంత మడిచి తన బట్టల సంచిలో పెట్టుకుంది. పెరటివైపు తిరిగి, "అమ్మా, సాయంత్రం బస్సుకి వెళ్తున్నాం" అని కేకేసింది. చాప దులిపేటప్పుడు నేను కత్తిరించిన పేలిక కనబడింది. వేలెడు వెడల్పు, ఒక చిలక ముక్కు, కాస్త మెడ. నా చెయ్యి ఊరుకుంటుందా, తీసి రొంటిన దోపుకోబోయింది. దుర్గ చూస్తోందని తెలిసి ఆగిపోయాను. సిగ్గుతో చచ్చినంత పనైంది. గుడ్డపేలికను ఏం చెయ్యాలని నేను జన్మలో ఎవరినీ అడగలేదు. ఆ రోజు అడిగాను.

"దీన్నేం చెయ్యమంటావమ్మా?"

దుర్గ దాన్ని నా చేతిలోంచి తీసుకుంది. ఒళ్లో పెట్టుకుని ముడతలు పోయేలా వేళ్లతో సాపు చేసింది. మళ్లీ నా చేతిలోనే పెట్టి, గుప్పిట మూసింది.

"మీరుంచుకోండి అత్తయ్యా. మీకూ మనవరాలే కదా."

ఆ పేలిక నా సూదుల డబ్బాలో అడుగున ఉంది. దేనికీ వాడలేదు.